గుర్తు

బడి తెరిచిన వారానికే లెక్కల మాస్టారికి బదిలీ.
ఆయన పీరియడ్లు నాకొచ్చాయి,
ఆయన మర్చిపోయిన గొడుగుతో సహా.
సోషల్ చెప్పుకునేదాన్ని.
బీజగణితాన్ని కూడా యుద్ధంలాగే చెప్పుకొచ్చాను:
"అప్పుడు ఎక్స్ ఏం చేశాడంటే..."

జులైలో ఎలక్షన్.
పామాయిల్ డబ్బాకి చీలిక కోసి
తెల్లకాయితం అంటించి, పెట్టె అన్నాం.
వేలికి పెట్టే సిరాకి డబ్బుల్లేక
ప్రథమచికిత్స అరలోంచి
పుండ్లకి రాసే ఊదారంగు మందు తెచ్చాం.
గొడుగు, సుద్దముక్క, కోడిగుడ్డు.
గుర్తులు పిల్లలే ఎంచుకున్నారు.

గుడ్డు గుర్తు తవిటేశుది ఒకటే హామీ:
"నన్ను గెలిపిస్తే ఆదివారం కూడా గుడ్డు!"
వంటగది కిటికీలోంచి అసిరమ్మ అరిచింది,
"ఏటి, నువ్వెట్టుతావేటి?"
సుద్దముక్క గుర్తు ముద్దాడ ఝాన్సీ లేచి
"గేటు కాడ బురదుంది, ఇటుకలు పరుద్దాం"
అని కూర్చుండిపోయింది.

నూట పన్నెండు. నూట పదకొండు.
గొడుక్కి పందొమ్మిది.
మళ్ళీ లెక్కపెట్టాం, నా లెక్క మీద ఎవరికీ నమ్మకం లేదు కనక.
అంకెలు మారలేదు.
తవిటేశు భుజాలెక్కి కాశీబుగ్గ రోడ్డుదాకా వెళ్ళొచ్చాడు.

ఆగస్టు ఎప్పుడొచ్చిందో ఎప్పుడెళ్ళిందో.
వానకి డప్పు చర్మం సాగి
జెండా పండగ కవాతు అడుగులన్నీ మెత్తగా పడ్డాయి.
నలభై మొక్కలు నాటితే
ఇరవైమూడు మేకల పాలు.
మందసలో కబడ్డీకెళ్ళిన పిల్లలు
కప్పు తేలేదు, మోకాళ్ళు చీరుకుని తెచ్చారు.
పరీక్షలు, పేపర్లు దిద్దడం, సైన్స్ ఫెయిర్,
అగ్నిపర్వతం అట్టముక్క ఆటోలో తడిసి బస్తాలా కూలింది.
వాయుగుండం సెలవు, దానికి బదులు ఆదివారం క్లాసు.
(ఆ ఆదివారం గుడ్డు పెట్టారు. తవిటేశు నడక చూడాలి!)
రోజూ మరుగుదొడ్ల ఫోటో
యాప్‌లో పెట్టారా, పెట్టారా అని హెచ్ఎం గారు.

ఇటుకలు మాత్రం వచ్చాయి.
రోజుకి రెండు, ఝాన్సీ సైకిల్ క్యారియర్ మీద.
మూడోవారం నుంచి నాలుగు.
రెండో సైకిల్ లీడరుది.

సెప్టెంబరులో తల్లుల మీటింగు.
జీడి ఫ్యాక్టరీలో సగం కూలి వదులుకొచ్చారు.
స్టాంపు ప్యాడ్ తెరిచి పెట్టాను.
ఝాన్సీ వాళ్ళమ్మ బొటనవేలు నొక్కి తీసింది.
గడిలో ఒక ఊదా చుక్క,
గీత లేదు, సుడి లేదు.
గింజల రసం ఎన్నేళ్ళుగా తాగేసిందో.
"నానెవులో రేషన్ మిషన్‌కే తెల్దమ్మా,
నీ కాయితానికేటి తెలుస్తాది" అని నవ్వింది.

వెనకనుంచి కూతురు,
"అమ్మా, రాయి."

ము అయింది.
ద్దా దగ్గర పెన్ను ఆగింది.
వెనక ముప్పైమంది, బయట వాన.
తవిటేశు రెండు చేతులూ చాపి నిలబడ్డాడు,
"తోసుకోకండి, రాస్తంది."
వత్తు జారి కింది గడిలోకి దిగింది.
కిందామె దాని పక్కనే
జాగ్రత్తగా చోటు చూసుకుని వేలు వేసింది.

సాయంత్రం ఇటుకల మీద నడుస్తూ అడిగాను,
"ఇంతకీ నీ ఓటు ఎవరికేశావే?"
"తవిటేశుకి టీచర్.
నాకు నేనే ఏసుకుంటే ఏం బాగుంటాది?"
పన్నెండులోంచి ఒకటి తీసి
పదకొండుకి కలిపి చూసుకున్నాను.
ఆ టర్మ్ మొత్తంలో
నాకు నోటికొచ్చిన లెక్క అదొక్కటే.
ఆ పిల్లకి చెప్పలేదు.

రాత్రి రిపోర్టు నింపుతున్నాను.
నాయకత్వ కార్యక్రమాలు: సంఖ్య వేయండి, అంది ఫారం.
ఎంతని వెయ్యను?
ఆలోచిస్తుంటే మరుగుదొడ్ల ఫోటో గుర్తొచ్చింది.
ఫోను తీశాను.
వేలు పెట్టమంది.
పెట్టీపెట్టగానే
నన్ను గుర్తుపట్టింది.